ధూళి వచ్చే దారే చప్పుడు వచ్చే దారి

(బెంగళూరు మారతహళ్లి దగ్గర మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం సాయంత్రం, బండి లోపలి చప్పుడు తగ్గించుకోవడం మీద జరిగిన ప్రసంగం ఇది. జీపులాంటి బండ్లు ఉన్న తెలుగువాళ్లం కొందరం కలిసి ఏర్పాటు చేసుకున్నాం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపిస్తోందా అండీ? ఆ ఫ్యాన్ కాస్త ఆపుతారా తమ్ముడూ. చప్పుడు మీద మాట్లాడ్డానికి వచ్చి ఫ్యాన్ చప్పుడుకు ఓడిపోతే పరువు పోతుంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందే ఒక మాట. నేను కార్ల ఇంజనీరును కాను. పీణ్యాలో ఒక ప్రెస్ షాపులో పని. రేకు మీద అచ్చు పడితే ధన్‌మంటుందే, రోజంతా ఆ చప్పుడు మధ్య బతికేవాణ్ణి. అందుకే రేకు ఎప్పుడు మోగుతుందో, ఎందుకు మోగుతుందో కొంచెం తెలుసు. తెలుసనుకున్నాను. నా సొంత బండి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలిసిందంతా ఎక్కడికి పోయిందో మరి, అందరూ చేసే తప్పే చేశాను. ఈరోజు ఆ తప్పు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

నాది పాత డీజిల్ ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. కంపెనీ పేరు చెప్పను, ఇక్కడ ఆ బండివాళ్లు సగం మంది ఉన్నారు, కొడతారు. మా ఊరు ధర్మవరం దగ్గర. నెలకోసారి నలభై నాలుగో నంబరు హైవే మీద పోయి వస్తుంటాం. దేవనహళ్లి, చిక్కబళ్లాపూర్, బాగేపల్లి, కొడికొండ, పెనుకొండ, మీకందరికీ తెలిసిన దారే. ఒకసారి అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వస్తున్నాను. బాగేపల్లి దాటాక అమ్మ ఏదో అడిగింది. "ఏమ్మా?" అన్నాను. మళ్లీ అడిగింది. "ఏమ్మా?" అన్నాను. మూడోసారి ఆమె అడగడం మానేసింది. చిక్కబళ్లాపూర్ దగ్గర టీకి ఆపితే తెలిసింది, ఆమె అడిగింది బాత్రూమ్ కోసం. నలభై కిలోమీటర్లు ఓర్చుకుని కూర్చుంది పాపం. ఆరోజు అనుకున్నాను, ఈ మోతకు ఏదో ఒకటి చెయ్యాల్సిందేనని.

మరి ఏం చేశాను? ఏం చేస్తాం, వీడియోలు చూశాను. వీడియోలో ఏం చూపిస్తారు? వెండి రంగు షీట్లు. బండి లోపలంతా విప్పేసి, కింద, పైన, తలుపుల్లో, వెండి కవచం తొడిగినట్టు షీట్లు అంటిస్తారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! నేనూ ఒక షాపుకు వెళ్లి "మొత్తం అంటించెయ్యి" అన్నాను. రెండు రోజులు, పద్దెనిమిది వేలు. బండి తెచ్చుకుని తలుపు వేశాను. ధప్! ఆహా, జర్మనీ కారు తలుపు పడినట్టు పడింది. పొంగిపోయాను. మర్నాడు హైవే ఎక్కాను. ఎనభైలో... అదే మోత. అమ్మ మళ్లీ ఏదో అడిగింది. నేను మళ్లీ "ఏమ్మా?" అన్నాను.

షాపువాడు మోసం చేశాడా? లేదండీ. నేను ఏమడిగానో అదే చేశాడు, శుభ్రంగా చేశాడు. నేనే తప్పు అడిగాను. జ్వరం ఎందుకొచ్చిందో చూసుకోకుండా మందుల షాపుకు పోయి, "ఉన్న మాత్రలన్నీ తలా ఒకటి ఇవ్వు" అన్నట్టు.

మరి పద్దెనిమిది వేలు పోసి వేయించిన షీట్ల ఫలితం ఎందుకు వినపడలేదు? దానికి కొంచెం లెక్క చెప్పాలి. భయపడకండి, కొంచెమే.

చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారని తెలుసు కదా. ఈ డెసిబెల్ కిలోల్లాగా, లీటర్లలాగా కూడేది కాదు. ఒక గ్రైండర్ 70 డెసిబెల్స్ చేస్తే, పక్కనే అలాంటిదే ఇంకోటి తిప్పితే 140 కాదు, 73 అవుతుంది. రెట్టింపు శక్తికి పెరిగేది మూడే. మన చెవికి "సగమైంది" అనిపించాలంటే దాదాపు పది తగ్గాలి. ఇప్పుడు జీపులో చూడండి. నాలుగు చోట్ల నుంచి చప్పుడు వస్తోందనుకుందాం. ఇంజను, టైర్లు, గాలి, రేకుల అదురు. నాలుగూ సమానం అనుకుందాం. అందులో ఒకదాన్ని పూర్తిగా, అంటే నూటికి నూరుపాళ్లు చంపేశారు. మొత్తం ఎంత తగ్గుతుంది? చెప్పండి. పావు వంతు తగ్గుతుందా? ఒకటింపావు డెసిబెల్ తగ్గుతుంది. ఒకటింపావు! చెవికి దాదాపు తెలియదు. నా షీట్లు చేసిన పని అది. రేకుల అదురును చంపాయి, నిజంగానే చంపాయి. మిగతా మూడూ హాయిగా పాడుకుంటున్నాయి.

కాబట్టి నేను ఈరోజు చెప్పేదంతా ఒకటే. షీటు చివరి పని. ముందు చప్పుడు ఎటునుంచి వస్తోందో కనుక్కోండి.

సరే, ఇప్పుడు చిన్న ప్రయోగం. ఇదిగో రెండు స్టీలు కంచాలు. ఇంట్లోవే, అడక్కుండా తెచ్చాను, సాయంత్రానికల్లా వెనక్కి పెట్టెయ్యాలి. మొదటిదాన్ని కొడుతున్నాను. ఖణ్‌ణ్‌ణ్‌... విన్నారా, ఎంతసేపు మోగిందో? రెండోది. టక్. అంతే. తిప్పి చూపిస్తాను, వెనకాల అరచెయ్యంత ముక్క అంటించి ఉంది. బ్యుటైల్ రబ్బరు, పైన అల్యూమినియం రేకు. రెండు మిల్లీమీటర్లు. కంచం మొత్తం కప్పానా? లేదు. మధ్యలో చిన్న ముక్క. చాలు.

ఇది ఎలా పనిచేస్తుందంటే, రేకు అదిరినప్పుడు ఆ జిగురు రబ్బరు రేకుకూ అల్యూమినియంకూ మధ్య పడి సాగుతుంది, నలుగుతుంది. ఆ నలగడంలో అదురు కాస్తా వేడిగా మారిపోతుంది. అంటే షీటు చప్పుడును ఆపదు, రేకును మోగనివ్వదు. రెండూ వేరు. గుడిలో గంట కొట్టి వెంటనే చెయ్యి వేస్తే ఆగిపోతుందే, అది. అదే గంటను గోడ అవతల ఎవరో కొడుతుంటే మీరు ఇవతల గోడ మీద చెయ్యి వేసి ఏం లాభం?

మృదంగం వాయించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకరున్నారు, నమస్కారమండీ. కచేరీకి ముందు ఎడమవైపు మూతకు తడిపిన రవ్వ ముద్ద పెడతారు కదా. చర్మం మీద కాస్త బరువు పెడితే దాని గొంతే మారిపోతుంది. కుడివైపు ఆ నల్లటి కరణి కూడా అంతే. సి.వి. రామన్ గారు దీనిమీద పనిచేశారు, 1934లో మన వాద్యాల మీద వ్యాసం వేశారు. అప్పటికి ఆయన ఇక్కడే, మన బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉన్నారు. మృదంగంలో నాదం బాగుపడ్డానికి ముద్ద పెడతారు, మనం నాదం చావడానికి పెడుతున్నాం, అదే తేడా. కానీ ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది రెండుచోట్లా ముఖ్యమే. మృదంగం మీద మూకుడెడు రవ్వ పెట్టరు కదా?

అలాగే తలుపు రేకును వేలి కణుపుతో తట్టి చూడండి. డబడబమంటే అక్కడ ముక్క వెయ్యండి. టక్‌మంటే వదిలెయ్యండి. వెడల్పాటి చదును రేకు మధ్యలో పావు వంతు నుంచి మూడో వంతు కప్పితే చాలా వరకు పనైపోతుంది. మిగతా డబ్బు టైర్లకు దాచుకోండి. అంటించేముందు నూనె, దుమ్ము లేకుండా స్పిరిట్‌తో తుడవాలి. తర్వాత చిన్న రోలర్‌తో గట్టిగా రుద్దాలి. కింద గాలి బుడగ మిగిలితే ఆ చోట షీటు ఉన్నా లేనట్టే.

ఇప్పుడు రెండో ప్రయోగం, ఇదే అసలుది. ఇది పప్పుల డబ్బా. ఇందులో నా ఫోన్ పెడుతున్నాను, అలారం మోగుతోంది. మూత గట్టిగా పెట్టాను. వినిపిస్తోందా? కొంచెం, ఎక్కడో దూరంగా. ఇప్పుడు మూత కాస్త, వేలి గోరంత లేపుతున్నాను. చూశారా? చూశారా! డబ్బా అదే, మూత అదే. గోరంత సందు. ఫోన్ బయట ఉన్నట్టే ఉంది.

దీనికి లెక్క ఉంది. ఒక గోడలో నూటికి ఒక వంతు రంధ్రం ఉందనుకోండి. మిగిలిన తొంభై తొమ్మిది వంతులూ మీరు రేకు కడతారో, కాంక్రీటు పోస్తారో, బంగారం తాపడం చేస్తారో, మీ ఇష్టం. ఆ గోడ 20 డెసిబెల్స్ కంటే ఎక్కువ ఆపలేదు. ఆ ఒక్క శాతం సందు ఒప్పుకోదు. జీపుకేమో సందులే సందులు. పైన టాపు విప్పేది, తలుపులు తేలిక, వెనక తలుపు వేరే, కింద గేరు రాడ్డుకో రంధ్రం, ఫోర్ బై ఫోర్ రాడ్డుకో రంధ్రం. ఇంజను గదికీ మన కాళ్లకూ మధ్య ఉండే ఫైర్‌వాల్‌లో వైర్లకో రంధ్రం, క్లచ్ కేబుల్‌కో రంధ్రం, ఏసీ పైపుకో రంధ్రం. ఫ్లోర్‌లో నీళ్లు పోవడానికి బిరడాలు, వాటిలో రెండు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి.

మా నాన్న ఒక మాట అన్నాడు, ఆయనకు డెసిబెల్ అంటే తెలియదు. ఊళ్లో మట్టిదారిన పోయి వచ్చాక వెనక సీటు మీద వేలు పెట్టి గీత గీశాడు. అంత దుమ్ము. "దుమ్ము యాడనుంచి వస్తాందో చప్పుడూ ఆడనుంచే వస్తాంది గదరా" అన్నాడు. నేను షీట్ల మీద పద్దెనిమిది వేలు పోసినవాణ్ణి, నోరు మూసుకున్నాను.

ఆ రోజు నుంచి నా పద్ధతి ఇదే. మట్టిదారిలో పదిహేను నిమిషాలు తిరిగి రండి. బండి కడగకండి. తలుపులు తెరిచి చూడండి. తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, బీడింగ్ అంటారు, దాని దగ్గర ఎక్కడ దుమ్ము చార కట్టి ఉందో అక్కడ సందు ఉంది. చార బయటి అంచు దగ్గరే ఆగిపోతే బీడింగ్ పనిచేస్తోంది, లోపలికి దాటి వచ్చిందంటే పని చెయ్యట్లేదు. ఇంతకంటే చవకైన పరికరం ఉందా? మన రాయలసీమ దుమ్ము, పైసా ఖర్చు లేదు.

రెండోది టార్చి. రాత్రి చీకట్లో ఒకరు లోపల కూర్చోవాలి, ఒకరు బయట నుంచి బీడింగ్ వెంబడి టార్చి తిప్పాలి. లోపలికి వెలుగు గీత కనబడితే అక్కడ గుర్తు పెట్టుకోండి. కింద నుంచి కూడా వెయ్యండి, గేరు రాడ్డు తొడుగు దగ్గర. నాకు అక్కడ చందమామ కనబడినంత పని అయింది. రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, బూటు అంటారు, అది చిరిగి, రోడ్డు కనిపిస్తోంది. నాలుగు వందల రూపాయల రబ్బరు బూటు అది. నాలుగు వందలు! దానికి పైన తోలు తొడుగు అందంగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎత్తి చూడరు. నేనూ చూడలేదు.

మూడోది కాగితం. తలుపు సందులో ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగండి. బిగుతుగా వస్తే సరే. జర్రున జారి వచ్చిందంటే అక్కడ బీడింగ్ అణగారిపోయింది. కొన్నిసార్లు బీడింగ్ మార్చక్కర్లేదు, తలుపు గొళ్లెం కొక్కెం ఉంటుంది చూడండి, స్ట్రైకర్ అంటారు, దాన్ని ఒక మిల్లీమీటరు లోపలికి జరిపితే తలుపు ఇంకాస్త నొక్కుకుని కూర్చుంటుంది.

నాలుగోది మాస్కింగ్ టేపు, పెయింటర్లు వాడే పసుపు టేపు. టాపు అతుకుల మీద, అద్దం ఫ్రేము చుట్టూ, అద్దాల సందుల మీద బయటనుంచి టేపు వేసి హైవే మీద ఒక రౌండు తిరగండి. చప్పుడు తగ్గిందా? ఒక్కొక్క టేపు పీకుతూ మళ్లీ తిరగండి. ఏ టేపు పీకితే ఈల మళ్లీ మొదలైందో దొంగ అక్కడున్నాడు. నేను ఇది చేస్తుంటే టోల్‌గేటు దగ్గర ఒకాయన "యాక్సిడెంటా సార్?" అని అడిగాడు. అడగనివ్వండి.

ఈ సందులన్నీ మూయడానికి నాకు అయిన ఖర్చు మొత్తం మూడు వేల లోపు. బీడింగ్, వైర్ల రంధ్రాలకు వేసే రబ్బరు గ్రోమెట్లు, బూటు, బిరడాలు, అన్నీ జేసీ రోడ్డులో దొరికాయి. చప్పుడు తగ్గిందా? అమ్మ మాట వినిపించింది. పద్దెనిమిది వేలకు రానిది మూడు వేలకు వచ్చింది.

ఏమిటండీ? ఆఁ, ఏది ఇంజను చప్పుడో ఏది టైరు చప్పుడో ఎలా తెలుస్తుంది అంటున్నారు. మంచి ప్రశ్న, దానికే వస్తున్నాను.

బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో, హైవేలో తిరిగే ఆర్‌పీఎం దాకా, అంటే ఇంజను నిమిషానికి అక్కడ తిరిగేటన్ని చుట్ల దాకా, యాక్సిలరేటర్ నొక్కండి. ఇప్పుడు వినిపించేది ఇంజను, సైలెన్సర్, అంతే. టైర్లు తిరగట్లేదు, గాలి లేదు. తర్వాత ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద ఎనభైకి వెళ్లి న్యూట్రల్‌లో వేసి వదలండి. ఇంజను ఆపొద్దు, దయచేసి ఆపొద్దు, బ్రేకు పెడల్ గట్టిపడిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. న్యూట్రల్ మాత్రమే. ఇప్పుడు వినిపించేదంతా టైర్లు, గాలి. మరి ఆ రెండింటినీ ఎలా విడదీస్తారు? రోడ్డు మారినప్పుడు వినండి. మన బెంగళూరులో తారు రోడ్డు మీదనుంచి వైట్ టాపింగ్ కాంక్రీటు మీదికి ఎక్కగానే గొంతు మారిందా, అది టైరు. గాలికి రోడ్డుతో పనిలేదు. లారీ పక్కనుంచి పోయినప్పుడు మారిందా, అది గాలి.

గాలి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాంట్లో మనం చెయ్యగలిగేది తక్కువ. జీపు అద్దం నిటారుగా ఉంటుంది, మొహం గోడలా ఉంటుంది. గాలి చప్పుడు వేగంతో చాలా గట్టిగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే దాదాపు 18 డెసిబెల్స్. ఎనభై నుంచి నూటికి పోతేనే ఆరు దాకా పెరుగుతుంది. అంటే నూటిలో పోయేవాడు ఎనభైకి దిగితే ఏ షీటూ ఇవ్వనంత లాభం, ఉచితంగా. పైన క్యారియర్, లైట్ల కడ్డీ పెట్టించుకున్నవాళ్లు ఒకసారి విప్పి తిరిగి చూడండి. ఎంతమందికి ఉన్నాయి? అబ్బో. లైట్ల కడ్డీ ఈల వేస్తుంది, తెలుసా? తెలుసు, నవ్వుతున్నారు.

ఇక టైర్లు. ఇక్కడ కొంచెం మొహమాటం లేకుండా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మడ్ టైర్లు ఎంతమందికి ఉన్నాయి? చేతులెత్తండి. ఆరు, ఏడు... తొమ్మిది. గత సంవత్సరం బురదలో ఎన్ని రోజులు తిరిగారు? మీరు చెప్పండి బాబాయ్. రెండు రోజులా? సకలేశ్‌పుర వెళ్లినప్పుడు. మిగతా మూడు వందల అరవై మూడు రోజులు ఔటర్ రింగ్ రోడ్డు మీద.

లెక్క వేద్దాం. టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. ఎనభైలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. టైరు సెకనుకు తొమ్మిదిన్నర చుట్లు తిరుగుతుంది. చుట్టూ నలభై గడ్డలు ఉన్నాయనుకుంటే సెకనుకు 380 సార్లు ఒక రబ్బరు గడ్డ రోడ్డును చెంపదెబ్బ కొడుతోంది. 380 హెర్ట్జ్. అదే మీరు వినే ఆ బుయ్‌య్‌య్. కంపెనీలు గడ్డల సైజులు అక్కడక్కడా మార్చి వేస్తాయి, ఒకే స్వరంలో పాడకుండా. అయినా పెద్ద గడ్డ పెద్ద గడ్డే. గడ్డలు ఒకవైపే అరిగిపోతే ఇంకా పాడు, అందుకే టైర్ల స్థానాలు మార్చి మార్చి వేయించుకోండి. ఈ చప్పుడు సగం గాలిలో వస్తుంది, సగం ఇరుసునూ, బండి అడుగు చట్రం ఛాసిస్‌నూ పట్టుకుని వస్తుంది. ఛాసిస్ పట్టుకుని వచ్చేదాన్ని ఫ్లోర్ మీద ఎంత మ్యాట్ పరిచినా పూర్తిగా ఆపలేరు. కాబట్టి అరిగాక మార్చేటప్పుడు ఆల్ టెర్రెయిన్‌కి, అంటే రోడ్డుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చే టైర్లకు రండి. నాకు సందుల తర్వాత అంత తేడా వచ్చింది టైర్లు మార్చినప్పుడే.

ఇంకొకటి మిగిలింది. బూమ్. చెవిలో కాదు, ఛాతీలో వినిపిస్తుంది. ఒక ప్రత్యేకమైన ఆర్‌పీఎం దగ్గర మొదలై, అది దాటగానే పోతుంది. తలనొప్పి తెచ్చేది ఇదే. ఎందుకొస్తుంది? నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక చుట్టుకు రెండుసార్లు మంట పేలుతుంది. 2100 ఆర్‌పీఎం అంటే సెకనుకు 35 చుట్లు, 70 పేలుళ్లు. 70 హెర్ట్జ్. ఇప్పుడు క్యాబిన్ పొడవు చూడండి. అద్దం నుంచి వెనక తలుపు దాకా 2.4 మీటర్లు అనుకుందాం. ఆ పొడవులో గాలి తనంతట తాను ఊగే స్వరం ఎంత? శబ్దం వేగం 340ని 4.8తో భాగించండి. దాదాపు 70. సరిపోయిందా? ఇంజను సరిగ్గా క్యాబిన్ శ్రుతికే పాడుతోంది. పిల్లాడి ఉయ్యాలను సరైన సమయానికి నెట్టినట్టు.

దీనికి స్పాంజి పనిచేస్తుందా? చెయ్యదు. 70 హెర్ట్జ్ అలకు పొడవు దాదాపు 5 మీటర్లు. స్పాంజి దాన్ని బాగా పీల్చుకోవాలంటే అందులో పావు వంతు మందం కావాలి. అంటే మీటరుకు పైన. మీటరు మందం స్పాంజి వేస్తే బండిలో చప్పుడు పోతుంది, మనుషులూ పోతారు, కూర్చోడానికి చోటుండదు. పది మిల్లీమీటర్ల ఫోమ్ ఈలలాంటి సన్న చప్పుళ్లకు పనికొస్తుంది, బూమ్‌కు పనికిరాదు. బూమ్‌కు మందు కింద ఉంది. ఇంజను మౌంటింగ్ రబ్బర్లు, బాడీకీ ఛాసిస్‌కూ మధ్య బుష్‌లు, సైలెన్సర్ వేలాడే రబ్బరు రింగులు. పదేళ్ల బండిలో ఇవి రాయిలా గట్టిపడి ఉంటాయి, లేదా చీలి ఉంటాయి. నా బండికి ఒక మౌంటింగ్ చీలింది. మార్చాక బూమ్ చాలా తగ్గింది, స్టీరింగ్ అదురు కూడా.

ఇక్కడ చప్పుడు కొలిచే ఫోన్ యాప్‌ను నమ్ముకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ యాప్‌లు డీబీఏ అని చూపిస్తాయి. అందులో చివరి 'ఏ' అక్షరానికి అర్థం, మన చెవి తీరుకు తగ్గట్టు బూమ్‌లాంటి లావు చప్పుళ్లను తగ్గించి లెక్క వేయడం. 70 హెర్ట్జ్ దగ్గర దాదాపు 25 డెసిబెల్స్ కొట్టేసి చూపిస్తుంది. బూమ్ పూర్తిగా పోయినా ఆ అంకె ఒకటో రెండో కదులుతుంది, అంతే. "ఏం తగ్గలేదే" అనుకుంటారు. మీ తలనొప్పిని అడగండి, యాప్‌ను కాదు. యాప్‌ను పోలికకే వాడండి, అదే ఫోన్, అదే సీటు, అదే రోడ్డు, అదే వేగం, అద్దాలు మూసి, ఏసీ ఆపి.

ఇవన్నీ అయ్యాక, ఇంకా కావాలనుకుంటే, అప్పుడు పొరలు. రేకు మీద బ్యుటైల్ ముక్కలు. దానిమీద నీళ్లు పీల్చని ఫోమ్. దానిమీద బరువైన వినైల్ షీటు, చదరపు మీటరుకు ఐదు కిలోలుండేది. ఆ పైన కార్పెట్టు. చప్పుడును అడ్డుకునేది బరువు. గోడ బరువు రెట్టింపు చేస్తే ఆరు డెసిబెల్స్ ఎక్కువ ఆపుతుంది, అదీ పుస్తకం లెక్క. ఫోమ్ ఎందుకంటే, ఆ బరువైన షీటు రేకుకు అంటకుండా తేలుతూ ఉండాలి, అప్పుడే రెండు గోడల్లాగా పనిచేస్తుంది. ఈ బరువు షీటు ఫైర్‌వాల్‌కు, ముందు కాళ్ల దగ్గర ఫ్లోర్‌కు చాలు. టాపుకు వద్దు. ఎత్తు బండికి నెత్తిన బరువు పెట్టడం మంచిది కాదు. మొత్తం కలిపి ముప్పై కిలోలు దాటనివ్వకండి.

జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. మనం వాగులు దాటే బండ్లు నడుపుతున్నాం, ఇది మర్చిపోవద్దు. మెత్తటి కుర్చీ స్పాంజి ఫ్లోర్‌లో వేశారంటే ఒకసారి నీళ్లు తాగిందా, నెల రోజులు వదలదు. మా స్నేహితుడొకాయన బండిలో కార్పెట్టు ఎత్తితే ఫ్లోర్ రేకు అప్పడంలా చేతికి వచ్చింది. తలుపు అడుగున నీళ్లు కారే రంధ్రాలు ఉంటాయి, వాటిని పొరపాటున కూడా మూయకండి. సందులు మూయమన్నాను కదా అని అవీ మూసేస్తారు, తలుపు లోపల చెరువవుతుంది. ఫ్లోర్ బిరడాలు కూడా తీసే వీలుండాలి. చవకగా వస్తుందని తారు షీట్లు కొనకండి, బెంగళూరు ఎండకు ఏమీ కాకపోవచ్చు, మే నెలలో అనంతపురంలో బండి ఆపి చూడండి, టాపు నుంచి జారి మీ మీద పడుతుంది. వాసన వేరే. సైలెన్సర్ దగ్గర, గేరుబాక్సు సొరంగం మీద మంట అంటుకోని సరుకే వాడండి. కొత్త డీజిల్ బండ్లలో పొగ ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు అక్కడ కొన్ని వందల డిగ్రీల వేడి పుడుతుంది. పక్క ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే తలుపులు, పైకప్పు అంచులు, స్తంభాలు మీరు ముట్టుకోకండి, తెలిసినవాళ్లతోనే చేయించండి. కొన్ని బండ్లలో తలుపు లోపలి గాలి ఒత్తిడిని చూసే సెన్సర్ ఉంటుంది, తలుపు లోపల మీరు మార్చేది దాన్ని తికమక పెట్టొచ్చు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. పెద్ద మోత తగ్గాక చిన్న చప్పుళ్లు బయటికొస్తాయి. డ్యాష్‌బోర్డులో కిటకిట, సీటు బెల్టు బకిల్ టిక్కుటిక్కు, డిక్కీలో జాకీ లటలట. అవి కొత్తగా రాలేదు, ఇన్నాళ్లూ ఉన్నవే, మోతలో మునిగి ఉన్నాయి. నాకైతే నెల రోజులు పిచ్చెక్కింది. గుడ్డ చుట్టిన జాకీ, రెండు ముక్కల ఫెల్టు, పోయింది.

అడగండమ్మా. గుడ్డ టాపు బండికి ఏం చెయ్యాలంటున్నారు. గుడ్డకు బరువు లేదు, బరువు లేనిది ఆపదు. ఇంజను, ఫ్లోర్ వైపు ఇవన్నీ చెయ్యండి, గాలిని మాత్రం క్షమించెయ్యండి. గుడ్డ టాపు కొన్నదే గాలి కోసం కదా.

అవును బాబాయ్, మీ మడ్ టైర్లు. ఇప్పుడే మార్చక్కర్లేదు, అరిగాకే మార్చండి. కానీ సకలేశ్‌పుర నుంచి వచ్చాక గాలి మళ్లీ నింపించారా? అక్కడ బురదకోసం తగ్గించి, ఇక్కడ అలాగే తిరుగుతున్నారేమో చూసుకోండి. నింపించలేదా? ఆ తగ్గిన గాలితో హైవే ఎక్కితే టైరు వేడెక్కుతుంది, చప్పుడు సంగతి తర్వాత. వెళ్లేటప్పుడే నింపించండి.

సరే, చెప్పింది చాలు. కింద రెండో బేస్‌మెంట్‌లో నా బండి ఉంది, టార్చీలు నాలుగు తెచ్చాను. ఆ వరసలో లైట్లు పది నిమిషాలు ఆపమని సెక్యూరిటీ ఆయనకు చెప్పి ఉంచాను. మీ బండి తాళాలు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, ముందు బాబాయ్ బండి చూద్దాం.